నిప్పు లేకుండా మరిగిన నీళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింట్లో నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, సూది తీసేసిన సిరంజిలోకి వేడినీళ్ళు పీల్చింది. మరుగుతున్న నీళ్ళు కావు, పొయ్యి మీంచి దింపి పక్కన పెట్టినవి. సిరంజి మూతికి బొటనవేలు గట్టిగా ఆనించి వెనకున్న కాడ లాగింది. లోపల నీళ్ళు బుడబుడమని మరిగాయి. గాలి ఒత్తిడి తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని ఫోను వైపు చూస్తూ అప్పజెప్పింది. స్కూలువాళ్ళు ఇచ్చిన పనిట. మా కోడలు ఆ వీడియో మూడుసార్లు తీయాల్సి వచ్చింది, ఎందుకంటే రెండుసార్లు వెనకాల నా దగ్గు వినబడింది.

మూడోసారి నేను దగ్గలేదు. ఏడుపు ఆపుకుంటున్నాను. ముసలివాళ్ళ కళ్ళు ఊరికే చెమరుస్తాయని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, అదీ ఒకందుకు మంచిదే. వాళ్ళు వీడియో పంపించుకుని లేచిపోయాక నేను ఆ చల్లారిన గిన్నె ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు మేముండేది ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళోనే, సుభాష్‌పల్లిలో. నా చిన్నతనం గడిచింది మాత్రం రైల్వే క్వార్టర్లలో. ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఎర్ర మొరం దారులు, కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు కూడా ఎర్రగానే పోయేవి. వర్క్‌షాపు సైరన్ కూస్తే లేవడం, సైరన్ కూస్తే తినడం. మా వరసలో ఎవరికి ఎప్పుడు నొప్పులొచ్చాయో, ఎవరి పిల్ల ఎప్పుడు పుట్టిందో కూడా రెండో సైరన్‌కి ముందా, తరవాతా అనే చెప్పుకునేవారు. మొన్నామధ్య ఆటోలో అటు వెళితే మా వరస లేదు. తుప్పలు మొలిచి ఉన్నాయి. మా గుమ్మం ఎక్కడుండేదో నేనే తేల్చుకోలేకపోయాను.

కళ్ళు మూసుకుంటే మాత్రం అంతా అక్కడే ఉంటుంది. తెల్లవారుజామున ప్రతి ఇంటి ముందూ ఒక బొగ్గుల పొయ్యి. పాత బకెట్‌కి లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి అది, బకెట్ కాడ అలాగే ఉండేది కాబట్టి ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోవచ్చు. పొగ పోయేదాకా బయట పెట్టి, బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకునేవారు. ముప్పై నలభై పొయ్యిల పొగ ఒక్కసారిగా లేచి, పైకి పోకుండా నడుము ఎత్తున నిలిచిపోయేది. ఆ పొగలో ఎదురింటి వాళ్ళు నడిచి వస్తుంటే కాళ్ళు లేని మనుషులు తేలుతూ వస్తున్నట్టు ఉండేది. చలికాలం అయితే మరీను. నేను గుమ్మంలో దుప్పటి కప్పుకు కూర్చుని, వచ్చేది ఎవరో పోల్చుకునే ఆట ఆడుకునేదాన్ని.

పక్కింటి బెంగాలీ పిన్నిని మాషీ అనేవాళ్ళం. ఆవిడ ఆవనూనెలో చేప వేయించేది. ఆ వాసన రాగానే మా నాన్నమ్మ కిటికీ రెక్క దబాలున మూసేది. మా ఇంట్లో ఎండు నెత్తళ్ళు వేయించిన రోజు మాషీ తన కిటికీ మూసేది. ఇద్దరూ సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే చేటలో మురీలు తింటూ, ఆవిడ బెంగాలీలో, ఈవిడ తెలుగులో, ఏ గొడవా లేకుండా లోకాన్ని తిట్టుకునేవారు. మురీలంటే మన బొరుగులే. వాటిలో మాషీ పచ్చి ఆవనూనె చుక్క వేస్తే నాన్నమ్మ ముక్కు మూసుకుని మరీ తినేది.

లోకమంతటితో మాట్లాడే మా నాన్నమ్మ ఒక్క మనిషితో మాట్లాడేది కాదు. మా తాతతో.

అలిగి రెండు రోజులు మాట్లాడకపోవడం కాదు. నేను పుట్టకముందు నుంచీ అంతే. ఆయనకి వేళకి అన్నం పెట్టేది, పంచె ఉతికేది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది. మాట మాత్రం లేదు. ఏది చెప్పాలన్నా నా ద్వారానే. ఒలే, మీ తాతకి అన్నం సల్లారిపోతందని సెప్పు. ఒలే, మీ తాతకి గడ్డం మాసిందని సెప్పు. నేను బడికి పోయినప్పుడు పొయ్యితోనో గోడతోనో చెప్పేది. తాత వర్క్‌షాపులో బాయిలర్ పని చేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బల మధ్య పని చేసి చెవులు మందగించాయి. అయినా నాన్నమ్మ గొంతు గోడ అవతలినుంచి కూడా ఆయనకి వినబడేదని నాకు తెలుసు, ఎందుకంటే నేను వెళ్ళేసరికే చెంబు పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. కానీ నేను వెళ్ళి చెప్పేదాకా మంచం దిగేవాడు కాదు. అదీ మా ఇంటి పద్ధతి.

నాకు ఆ పద్ధతి మహా బాగుండేది. ఇద్దరి మధ్యా ఉన్న తంతి నేనే కదా. మధ్యలో నా మాటలు నాలుగు కలిపేదాన్ని. తలకి నూనె రాసుకోమని నాన్నమ్మ అంటే, నూనె రాసుకుని, పాపకి గోల్ బజార్‌లో బెల్లం జీడి కొనిపెట్టమంది అని చెప్పేదాన్ని. తాత గంభీరంగా తల ఊపి, చెప్పులు వేసుకుని బయల్దేరేవాడు. అది నాన్నమ్మ మాట కాదని ఆయనకి తెలీదా ఏం? తెలిసే కొనేవాడు. నన్ను దొంగముండా అని కూడా అనేవాడు కాదు.

నాన్నమ్మకి ఒక ఊతపదం ఉండేది. ఎవరైనా అబద్ధం చెప్పారని తోస్తే మూతి ఒక పక్కకి తిప్పి, ఆఁ, నిప్పు నేకుండానే నీళ్ళు మరిగినాయి, అనేది. పాలవాడు గేదె ఈనిందని చెప్పి రెండు రోజులు ఎగ్గొడితే అదే మాట. నేను దెబ్బ తగిలిందని బడి ఎగ్గొడితే అదే మాట. అది లోకంలో అందరూ వాడే సామెత అనుకున్నాను. ఆ మాట అన్నప్పుడల్లా వరండాలో తాత మొహం అటు తిప్పుకునేవాడని గమనించాను గానీ, ఎందుకని అడగాలని తోచలేదు.

ఆరో క్లాసులో మాకు సైన్సు చెప్పే దీదీమణి, అంటే పంతులమ్మ, ఒకావిడ ఉండేది. బెంగాలీ మనిషి, మాకోసం తెలుగు నేర్చుకుని, మూడు భాషలు కలిపి చెప్పేది. ఒకరోజు గుండ్రటి గాజు ఫ్లాస్కులో సగం నీళ్ళు పోసి మరగబెట్టింది. బాగా మరిగాక మంట మీంచి తీసి, గట్టిగా రబ్బరు బిరడా బిగించింది. బుడగలు ఆగిపోయాయి. అప్పుడు, ఇప్పుడు నిప్పు లేకుండానే నీళ్ళు మరుగుతాయి చూడండి అంది.

నేను పకపకా నవ్వాను. మా నాన్నమ్మ అబద్ధాలకి ఇదే అంటుందండీ అని లేచి మరీ చెప్పాను. క్లాసంతా నవ్వింది. దీదీమణి నన్నే దగ్గరికి పిలిచి, ఫ్లాస్కుని తలకిందులుగా పట్టుకుని, మగ్గుతో దాని మీద చల్లటి నీళ్ళు పొయ్యమంది. పోశాను. లోపల నీళ్ళు ఒక్కసారి లేచి మరిగాయి. ఎంత చల్లటి నీళ్ళు పోస్తే అంత మరిగాయి. మంట అప్పటికే ఆర్పేసింది. చల్లదనానికి లోపలి ఆవిరి నీరైపోతుందట, నీళ్ళని పైనుంచి అదిమి పట్టే బలం తగ్గిపోతుందట, అది తగ్గితే నీళ్ళు మరగడానికి ఇక కొత్త వేడి అక్కర్లేదట. ఆవిడ చెబుతోంది గానీ నాకు సగం వినబడలేదు. నాన్నమ్మ అబద్ధం అన్నది నిజమైపోయింది మరి.

ఆ సాయంత్రం అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఒళ్ళో తల పెట్టుకుని అడిగాను, నాన్నమ్మ ఆ మాట ఎందుకంటుంది అని. అమ్మ వరండా వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. నాన్నమ్మకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే తనే పెంచింది. రైల్వేలో ఏదో ఒక పని దొరుకుతుందని శ్రీకాకుళం వైపునున్న వాళ్ళ ఊరి నుంచి తనే పిలిపించుకుంది. తాత ఆదివారాల్లో బయట పనులకి పోయేవాడు. సాలువా దారిలో ధాన్యం ఉడకబెట్టే మిల్లు ఒకటుండేది. దాని బాయిలర్ లోపల పేరుకున్న మడ్డి కడగాలంటే తాతని పిలిచారు, బాయిలర్ షాపు మేస్త్రీ అని ఆయనకి పేరు కదా. పని నేర్చుకుంటాడని బావమరిదిని వెంట తీసుకుపొమ్మని నాన్నమ్మే అంది. తాత కింది ప్లగ్గు విప్పేసరికి మరుగుతున్న నీళ్ళు చిమ్మాయి. కుర్రాడు ఎదురుగా ఉన్నాడు. మూడో రోజున పోయాడు.

పొయ్యిలో నిప్పు ఉండగానే ప్లగ్గు విప్పాడని మిల్లువాళ్ళు చెప్పారు. నిప్పు ముందే బయటికి దింపేశానని తాత చెప్పాడు. నాన్నమ్మతో ఆయన అన్నది ఒక్కటే మాటట, నిప్పు లేదు, నీళ్ళు వాటంతటవే మరిగాయి అని. తమ్ముణ్ణి పోగొట్టుకుని కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుంది? ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. పదమూడేళ్ళు అయిందని అమ్మ చెప్పింది.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. జీడి కోసం అటూ ఇటూ తిరిగిన కాళ్ళని తలుచుకుంటే సిగ్గేసింది. తాత అబద్ధం చెప్పలేదు. అది ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఎలా చెప్పను? నోటితో చెబితే నాన్నమ్మ మూతి తిప్పుతుంది. చూపించాలి.

శనివారం సగం పూట బడి. అందరూ పోయాక సైన్సు గది అలమారలోంచి ఫ్లాస్కూ బిరడా తీసి, సంచిలో నా ఉన్ని కోటులో చుట్టి ఇంటికి తెచ్చేశాను. దొంగతనమే, వేరే పేరు పెట్టను. దారంతా సంచిని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని నడిచాను.

ఆదివారం నాన్న మాంసం తేవడానికి పోయాడు. అమ్మ పెరట్లో మసాలా నూరుతోంది. ఆదివారం సైరన్ ఉండదు కదా, వరస వరసంతా మత్తుగా ఉండేది, దూరంగా నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు తగులుకునే చప్పుడు తప్ప. పొయ్యి మీద చపాతీలు కాల్చే జాలీ పెట్టి, దాని మీద ఫ్లాస్కు పెట్టాను. నాన్నమ్మ పక్కన పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఈ గుంట కొంప అంటిస్తాదని సణుగుతోంది. నీళ్ళు మరిగాయి. గుడ్డతో పట్టుకుని దింపాను. బిరడా బిగించాను. బుడగలు ఆగాయి. తలకిందులు చేసి తొట్టి మీద పట్టుకుని, చెంబెడు చన్నీళ్ళు పోశాను.

మరిగాయి.

నాన్నమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. లేచి, పొయ్యిని బకెట్ కాడ పట్టుకుని ఎత్తి, పెరటి గుమ్మం దాటి అవతలి గోడ దాకా మోసుకుపోయి పెట్టి వచ్చింది. తొట్టి కింద చెయ్యి పెట్టి తడిమి చూసింది. నా లంగా మడతలు కూడా చూసింది. అప్పుడు తనే చెంబు ముంచి పోసింది. మళ్ళీ మరిగాయి. మూడోసారి పోసింది, కొంచెంగానైనా మరిగాయి. చన్నీళ్ళలో తడిసిన వేళ్ళు గాజుకి ఆనించి పెట్టి, ఆ బుడగలు ఒక్కొక్కటీ అణిగిపోయేదాకా చూసింది. నేను బడిలో విన్నదంతా గడగడా చెప్పాను. విన్నదో లేదో తెలీదు.

తాతని పిలవమంది. నేను పిలిచేలోపే ఆయన వరండాలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి చూస్తున్నాడో. నాన్నమ్మ నా వైపే చూస్తూ అంది.

"ఒలే, మీ తాత సెప్పింది నిజమేనని సెప్పు. నానే నమ్మనేదని సెప్పు."

నాకు ఎంత సంతోషమేసిందో! గెలిచాననుకున్నాను. తాత వైపు తిరిగి చెప్పబోయాను. ఆయన నన్ను చూడటం లేదు. ఆ ఒక్క మాట తీసుకుని ఊరుకుంటే ఆయన బరువు అక్కడితో దిగిపోయేది. ఊరుకోలేదు. పదమూడేళ్ళ తరవాత మొదటిసారి, నేరుగా నాన్నమ్మతో మాట్లాడాడు.

"ఈ ముక్క నాకెప్పుడో తెల్సు. ఆడు పోయిన ఏడాదికే తెల్సింది. నిమ్‌పురా ఇంజన్ల షెడ్డుల ముసిలి డ్రైవర్ ఒకడు సెప్పినాడు. నిప్పు దింపినా లోపలి ఏడి దిగదు. ఆవిరంతా ఒదిలేసి, ఒక రేయి ఆగి, అప్పుడు ప్లగ్గు ఇప్పాల. ఆగకుండా ఇప్పితే నీళ్ళన్నీ ఒక్కపాలి మరిగి మీద పడతాయి. షెడ్డుల సిన్న కలాసీ కుర్రోడికి కూడా తెల్సిన పని అది. మా వర్క్‌షాపుకి వొచ్చే ఇంజన్లు ఎప్పుడో సల్లారిపోయి వొస్తాయి. ముప్పై ఏళ్ళు సల్లటి బాయిలర్లే ముట్టినాను. ఏడిగా ఉన్నదాని సంగతి నాకు తెలీదు. తెలీదని ఆ మిల్లుల సెప్పడానికి సిగ్గేసింది, మేస్త్రీననుకున్నాను."

తలుపు చెక్క పట్టుకుని, మళ్ళీ అన్నాడు.

"నిప్పు దింపినానన్నది నిజమని నీకు సూపించాలంటే, నా తెలివితక్కువకే పిల్లోడు పోనాడని కూడా సెప్పాల. అది సెప్పలేకపోనాను. అబద్దాలోడినని అనుకుంటే అనుకోనీ అనుకున్నాను."

పెరట్లో రోలు చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోందని తెలుస్తోంది. నేను ఫ్లాస్కు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాను. నాకు భయమేసింది. నేను తెచ్చిన గాజు బుడ్డి మొదట తాతని గెలిపించి, మరుక్షణంలో ఓడించేసింది. నాన్నమ్మ ఇప్పుడు ఈయన్ని ఇంట్లోంచి పొమ్మంటుందేమో, ఆయన దగ్గర ఇన్నేళ్ళూ తెరవని నోరు తిట్టడానికి తెరుస్తుందేమో. ఆవిడ పీట మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. తరవాత తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"తెలీక సేసినానని ఒక్క మాట అని ఉంటే, ఆ పొద్దే నీతో కలిసి ఏడుద్దును," అంది. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఏడిసినాను."

తాత గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాన్నమ్మ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఓదార్చలేదు, వద్దనలేదు, తనూ ఏడ్చింది. నేను వాళ్ళని దాటుకుని పోవడానికి దారి లేక, వంటింట్లోనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరైనా ఎవరికైనా ఏదైనా చెప్పమంటారేమోనని ఎదురు చూశాను. ఎవరూ చెప్పమనలేదు.

నాన్న మాంసం పట్టుకుని వచ్చేసరికి పొయ్యి గోడ దగ్గర చల్లారిపోయి ఉంది. ఆ రోజు మేం తినేసరికి సాయంత్రమైంది.

సోమవారం ఫ్లాస్కు అలమారలో పెట్టేశాను. అడుగున పట్టిన మసి బూడిద వేసి ఎంత తోమినా పూర్తిగా పోలేదు. దీదీమణి దాన్ని వెలుతురులో తిప్పి చూసి, క్లాసంతటి ముందూ, ఇందులో ఎవరమ్మా వంట చేశారు అని బెంగాలీలో అడిగింది. నేను తలదించుకున్నాను. ఆవిడ నా వైపే చూసి, పాఠం మొదలుపెట్టింది. ఆవిడ ఇప్పుడు బతికుంటే కాళ్ళకి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆ తరవాత మా ఇంట్లో మాటకి కరువు లేదు. నాన్నమ్మ పదమూడేళ్ళ తగువులూ ఒక్కొక్కటే తీసి ఆడింది. తాతకి వినబడక మళ్ళీ అడిగేవాడు, ఆవిడ గొంతు పెంచేది, వరసంతా వినేది. మాషీ కిటికీ తీసి మరీ వినేది. తమ్ముడు పోయిన తిథి రోజున నాన్నమ్మ ఎప్పుడూ ఒక్కతే పెరట్లో ఆకు వేసి పెట్టేది. ఆ ఏడు తాత పక్కన కూర్చుని, తన చేత్తో ఆకులో అన్నం పెట్టాడు. సగం నేల మీద పడింది. నాన్నమ్మ ఆ మెతుకులు ఏరి ఆకులో వేసింది. నా తంతి ఉద్యోగం పోయింది, జీడి కూడా పోయింది. కొన్నాళ్ళు ఆ ఇద్దరి మీదా అసూయగా ఉండేదని చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

తాత రెండు చలికాలాలే బతికాడు. చివరి చలికాలంలో పొద్దున్నే ఆ పొగలో ఇద్దరూ గుమ్మంలో ఒకే దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. ఎన్నోసార్లు దగ్గరికి వెళ్ళాను, వెళ్ళగానే నాన్నమ్మ టీ తాగమని పంపేసేది.

పది నిమిషాల పని. అంతే కదా నేను చేసింది. ఊరినిండా ఆవిరి తెలిసినవాళ్ళే, షెడ్డులో అడిగితే ఎవరైనా చెప్పేవారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి ఎవరూ అడగలేదు. తెలిసిన ఒక్కడూ నోరు విప్పలేదు. పదమూడేళ్ళు ఒక కప్పు కింద ఇద్దరు మనుషులు విడివిడిగా ఏడ్చారు, నేను మధ్యన జీడి చప్పరిస్తూ తిరిగాను. దొంగతనం చేసినందుకు నేను ఏనాడూ బాధపడలేదు. ఆ అలమార నేను మూడో క్లాసులో ఉన్నప్పుడూ అక్కడే ఉంది, దానికి తాళం కూడా ఉండేది కాదు. అప్పుడే ఎందుకు దొంగిలించలేదా అని మాత్రం ఈ వయసులో కూడా బాధపడుతుంటాను.